నేను కొట్టిన గంట

నాకు చిన్నప్పటి నుంచీ కోపం ముక్కు మీదే ఉంటుంది. ఎవరైనా నెమ్మదిగా కదిలితే చాలు, ఒళ్ళు మండిపోతుంది. అలాంటిదాన్ని ముసలివాళ్ళ ఆశ్రమంలో పనికి పెట్టుకున్నారంటే, పెట్టుకున్నావిడకు ఎంత ఓపిక ఉండాలో మీరే ఆలోచించండి. ఆవిడ ఫ్రెంచి సన్యాసిని. అందరం మసేర్, అంటే అక్కా, అని పిలిచేవాళ్ళం.

పెద్ద యుద్ధం ముగిసిన కొత్తలో సంగతి ఇది. ఆశ్రమం బాన్ అక్యూయ్ ఊరు దాటాక చెరకు తోటల మధ్య ఉండేది. అక్కడున్న ముసలివాళ్ళంతా ఎప్పుడో మన దేశం నుంచి కూలికని వచ్చి ఈ దీవిలో ఓడ దిగి, తోటల్లో నడుములు వంగేదాకా పని చేసి, చివరికి నా అన్నవాళ్ళు లేక చేరినవాళ్ళే. పనివాళ్ళం ఇద్దరం. వంట చేసే ఆమె మన తెలుగు మనిషే, వయసులో పెద్దది, అందుకని పిన్నీ అనేదాన్ని. మిగతా పనంతా నాది.

నా భర్త పోయాక రెండేళ్ళు బ్రిజే వెర్దియేర్‌లో అత్తగారింట్లో ఉన్నాను. ఆ రెండేళ్ళలో నేను తిన్న ముద్దకన్నా పడ్డ మాటలే ఎక్కువ. ఆశ్రమంలో నాకంటూ ఒక గది, లోపల గొళ్ళెం పెట్టుకోగల తలుపు ఉన్నాయి. ఈ పని పోతే మళ్ళీ అత్తగారి వంటిల్లే గతి.

నాకు ముందు పనిచేసినామె పొద్దున్నే మంచం మంచానికీ వెళ్ళి ఒక్కొక్కరినీ పలకరించి లేపేదట. నేనూ వారం రోజులు అలాగే చేశాను. ఒకాయనకు నడుం పట్టేసిందంటాడు, ఒకామె రాత్రి వచ్చిన కల మొదటి నుంచీ చెబుతుంది. ఈలోగా టీ చల్లారిపోయేది. ఆ ఇల్లు ఒకప్పుడు తోటవాళ్ళ గిడ్డంగి. వసారా దూలానికి ఒక రైలు పట్టా ముక్క అప్పటి నుంచీ వేలాడుతూ ఉంది. ఒక రోజు విసుగొచ్చి దాన్ని ఇనుప చువ్వతో నాలుగు దెబ్బలు కొట్టాను.

నా కళ్ళను నేనే నమ్మలేకపోయాను. నడవగలిగిన వాళ్ళందరూ చకచకా మొహాలు కడుక్కుని పెరట్లో వరసగా నిలబడ్డారు. లేవలేనివాళ్ళు కూడా మంచాల మీద లేచి కూర్చున్నారు. మసేర్ నన్ను మెచ్చుకుంది. నేను పొంగిపోయాను. పిన్ని మాత్రం గంజి కలుపుకుంటూ ఉండిపోయింది.

నెల గడిచిందో లేదో, ఒక పొద్దున టీ పోస్తుంటే చివరి మంచం తాత కనిపించలేదు. ఆయనకు ఒక కన్నే కనిపిస్తుంది. అంతకు వారం ముందే ఛాతీ జ్వరంతో చావు దాకా వెళ్ళి వచ్చాడు. బావి దగ్గర చూశాం, వంటింటి వెనక చూశాం, దొడ్డంతా చూశాం.

"కోత్ లి?" అంది మసేర్, ఎక్కడున్నాడని. ఆయనకేమైనా అయితే నిన్ను ఉంచుకోలేనమ్మా అని మెల్లగానే చెప్పింది. నిజం చెప్పాలంటే ముందు నాకు గుర్తొచ్చింది ఆ తాత కాదు, నా తలుపు గొళ్ళెం. అది తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పిన్ని పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. "మీ నాన్న తోట పన్లో ఉండేవోడు గదా. పొద్దున్న గంట కొడితే ఎటు నడిచీవోడు?" అంది.

నేను పుట్టింది తోట కూలీల ఇళ్ళలోనే. అక్కడా గంటంటే ఇలాంటి పట్టా ముక్కే. ఆ మోతకే మా నాన్న ఉలిక్కిపడి లేచి, హాజరు వరసలో నిలబడి, అక్కణ్ణుంచి చెరకులోకి పోయేవాడు. ఇంకెవరికి తెలియకపోయినా నాకు తెలియాలి. ఆ ముసలివాళ్ళు నెల రోజులుగా టీ కోసం కాదు, హాజరు కోసం నిలబడుతున్నారు.

చెప్పుల్లేకుండానే తోటలోకి పరిగెత్తాను. నల్లరాళ్ళ గుట్ట అవతల, మోకాలెత్తు లేత చెరకు మధ్య ఒక వంగిన వీపు కనిపించింది. తాత గడ్డి పీకుతున్నాడు. హమ్మయ్య అనుకుని అక్కడే కూలబడ్డాను. ఊపిరి తిరిగాక కోపమూ తిరిగొచ్చింది.

"పద తాతా, టీ చల్లారిపోతోంది."

"చెరకు వరస అవనేదమ్మా. గంట కొట్టేరు గదా. మజ్జిలో వొగ్గీసి వొచ్చీత్తే సర్దారు ఊరుకుంటాడేటి?"

కూలీలను తోలే సర్దారు లేడు, పని లేదు, అవన్నీ ఎప్పుడో అయిపోయాయి అన్నాను. వినలేదు. చెయ్యి పట్టి లాగబోయాను. ఆ చెయ్యి విడిపించుకుని మళ్ళీ గడ్డి మీదికే పోయింది. నా మీద కోపంతో కాదు, వరస మిగిలిపోతుందన్న భయంతో. అరుద్దామని తెరిచిన నోరు మూసేశాను. చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని ఆయన పక్కన వంగాను. వరస చివరిదాకా ఇద్దరం కలిసే పీకాం. గడ్డి నా వేళ్ళను కోసింది. ఆయన చేతులకేమీ కాలేదు. చివరికి చేరాక తాత నడుం మీద చేతులు పెట్టుకుని వెనక్కి తిరిగి చూసుకున్నాడు.

"ఇయ్యాల్టికి అయిపోనాది," అని నాకంటే ముందే ఆశ్రమం వైపు నడిచాడు.

మసేర్ గేటు దగ్గరే ఉంది. తప్పు నాదేనని, గంట ఎందుకు కొట్టానో, వాళ్ళకది ఎలా వినిపించిందో అంతా చెప్పేశాను. ఆవిడ నా వేళ్ళు చూసి, వెళ్ళి కడుక్కో, మధ్యాహ్నం పక్క దుప్పట్లు మార్చాలి అంది. అంటే పని పోలేదు. వంటింటి వెనక్కి వెళ్ళి తనివితీరా ఏడ్చాను. ముందే చెప్పొచ్చు కదా అని పిన్నిని నిలదీస్తే, "చెప్తే వినే మొఖమేనా నీది?" అని బియ్యం చేట నా ఒళ్ళో పడేసింది.

ఆ సాయంత్రమే పట్టా ముక్క దించేశాను. మర్నాడు మంచం మంచానికీ వెళ్ళి భుజం తట్టి లేపాను. నడుం నొప్పి విన్నాను. కలా విన్నాను. చివరి మంచం దగ్గరికి వచ్చేసరికి ఎండ గదిలోకి వచ్చేసింది.

"గంట కొట్టనేదేటమ్మా?" అన్నాడు తాత.

"ఇవాళ సెలవు తాతా."

"మరి రేపో?"

"రేపు కూడా."

ఆయన దుప్పటి మెడ దాకా లాక్కుని, గోడవైపు తిరిగి మళ్ళీ నిద్రపోయాడు. ఆయన టీ చల్లారిపోయింది. లేచాక మళ్ళీ కాచి ఇచ్చాను.