వదిన చేసిన చేపల గాజు

ఉప్పల్ చౌరస్తల మెట్రో పిల్లర్లు లేని ఆ రోజులల్ల నా ఎడమ చెయ్యి నాది గాదు, మా వదినది. ఆమె కొత్తగ ఏ గాజు చేసినా ముందు ఆ చేతికే ఎక్కేది. వదిన మల్లాపూర్‌ల ఒక ప్లాస్టిక్ వర్క్‌షాపుల ప్యాకింగ్ పని చేసేది. అక్కడ పారేసే సన్నటి పైపు ముక్కలు, అద్దం లెక్క లోపలిది బయటికి కనబడేటియి, అడిగి తెచ్చుకునేది. వాటిని గుండ్రంగ వంచి, నీళ్లు పోసి, చెమ్కీలు వేసి, కొసలను వేడి చాకుతోని అతికిచ్చేది. చెయ్యి ఊపితే లోపల చెమ్కీలు కదలాలె, అదీ ఆమె పట్టు. "బంగారం మెరుస్తది గని కదలదు పిల్లా. కన్ను కదిలేదాని మీదికే పోతది" అనేది. డిజైనర్ అనే మాట మా నాచారం గల్లీకి అప్పటికి రాలేదు (వచ్చినా మా ఇంట్ల ఎవలూ నమ్మకపోదురు). నాకు మాత్రం ఆమె పక్కన కూసుంటే పొద్దే తెల్వకపోయేది.

నీళ్లల్ల చెమ్కీలు దబ్బున అడుగుకు దిగి కూసునేటియి. "గింత తొందరేందో వీటికి" అని వదిన నారాజయ్యేది. జర చిక్కగ ఉంటే మంచిదని చక్కెర పాకం పోసింది. లోపల చెమ్కీలది ఏం నడకనుకున్నరు! ఆ గాజు ఏసుకొని నేను ఠీవిగ కంప్యూటర్ క్లాసుకు బయలుదేరిన. అతుకు కాడ సన్నగ కారుతున్నట్టుంది, బస్టాపుల గోడకు చెయ్యి ఆనిచ్చి నిలబడ్డందుకు మోచెయ్యి దాక చీమలు. బస్సుల పక్కన కూసున్న పెద్దమ్మ "ఏం బిడ్డా, చేతుల లడ్డు పట్టుకున్నవా" అని అడిగింది. ఇంటికొచ్చి ఏడుపు మొఖంతోని చెప్తే, వదిన గాజును వెలుగుకు పట్టి చూసి "నడక మంచిగున్నది, తీపే వద్దు" అన్నది. చీమలు కుట్టిన చెయ్యి దిక్కు చూడనే లేదు.

దసరా ముంగట ఒకనాడు నా తలకు కొబ్బరినూనె పెడుతున్నది. గిన్నెల పడ్డ చెమ్కీ ఒకటి మెల్లగ, ఊగుకుంట దిగుతుంటె చూసి ఆమె చేతులు ఆగిపోయినయి. సగం తలకే నూనెతోని నేను కూసున్న, ఆమె పైపులు ఎతుక్కుంట పోయింది. ఈసారి పైపుల కొబ్బరినూనె పోసి, మెరుపు కాగితంతోని గోరంత చేపలు కత్తిరిచ్చి, తోకలు జర వంచింది (వంచకపోతే ఈదుతలేవు, జారుతున్నయి). లోపల శెనగగింజంత గాలి బుడగ విడిచింది. బుడగ కదిలితే నూనె కదులుతది, నూనె కదిలితే చేప తోక తిప్పుతది. అంత ముద్దొచ్చే వస్తువు మా వంటింటి గట్టు మీద పుట్టిందంటె ఇప్పటికీ నాకు గర్వమే.

వర్క్‌షాపు మానేసి నాచారంల చిన్న గాజుల దుకాణం పెట్టాలెనని వదిన కోరిక. అన్న సరేనన్నడు గని మా బాపు ఒప్పుకోలే. "పిల్లల ఆటవస్తువమ్మా అది. పెండ్లిల పెట్టి సూపియ్యి, ఆడోళ్లు ఏడ కొన్నరని అడిగితె అప్పుడు సూద్దాం" అన్నడు. పెండ్లి నాదే, మాఘమాసంల, కీసర గుట్ట మీద. "గట్లనే మామా" అన్నది వదిన. దిష్టి తగులుతదని ఆ గాజును చీరలల్ల చుట్టి బీరువల దాచింది.

పెండ్లినాడు పొద్దుగాల గుట్ట మీద చలికి పండ్లు కొట్టుకుంటున్నయి. చీర మడతలు విప్పిన వదిన అట్లనే నిలబడ్డది. గాజు తెల్లగ మైనం ముద్దయింది, చేపలు ఎక్కడియక్కడ బిగుసుకున్నయి. చలికాలమొస్తె కొబ్బరినూనె సీసను రోజూ ఎండల పెట్టేది మా ఇంట్ల వదినే. అయినా చలికి నూనె పేరుకుంటదన్న సంగతి ఇద్దరికీ యాదికి రాలే. "తియ్ పిల్లా, బంగారుయే ఏసుకో" అన్నది, కండ్లనిండ నీళ్లు పెట్టుకొని. నాకు మస్తు కోపమొచ్చింది. చీమలు కుట్టిచ్చుకున్న చెయ్యి ఇది, ఇయ్యాల ఖాళీగ ఉంటదా? "గది ఎయ్యకుంటె నేను బయటికే రాను" అన్న (నా పెండ్లిల నేను చూపిన ధైర్యం అదొక్కటే). మండపంల బాపు చూసి "గా మైనం గాజేందే" అన్నడు. వదిన తల దించుకున్నది.

హోమం మొదలయింది. మంత్రాలు ఎవలికి కావాలె, నేను చెయ్యిని మెల్లమెల్లగ మంట దిక్కు జరుపుతున్న. "అమ్మా, చెయ్యి కాలుతది" అని పంతులు, ఇంకా జరుపుడు నేను. అప్పటిదాక తల ఎత్తని పెండ్లికొడుకు నా దిక్కు చూసుడు మొదలువెట్టిండు. నన్నే చూస్తున్నడని సిగ్గుతోని సచ్చిపోతున్న. ఆయన కొంచెం ఒంగి, మెల్లగ, "చేప కదిలింది" అన్నడు. మా ఆయన నాతోని మాట్లాడిన మొదటి మాట అది.

మంత్రం చెప్పమంటె పెండ్లికొడుకు పలుకుతలేడు, పంతులు కూడ ఒంగి చూస్తున్నడు. ఎనుక నుంచి మా అత్త, పెండ్లికొడుకు తల్లి, నా చెయ్యి పట్టుకొని వెలుగుకు తిప్పి, "ఏడ కొన్నరు ఇది" అని మా అమ్మను అడిగింది. అమ్మ నోరు తెరిచేలోపల బాపు అందుకున్నడు. "మా కోడలి దుకాణంల" అన్నడు. ఆ దుకాణం ఇంకా పుట్టనే లేదు. వదిన చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది.

తర్వాత దుకాణమూ వచ్చింది, పేరుకోని నూనె ఏదో కూడ ఆమె కనుక్కున్నది. నా గాజుల నూనె మాత్రం నేను మార్చనియ్యలే. ఇప్పుడది నా చేతికి ఎక్కదు, చెయ్యి అంత మంచిగ పెరిగింది. చలికాలం పొద్దుగాల తీసి రెండు అరచేతుల నడుమ పెట్టుకొని కూసుంట. ఆయన పేపర్ చదువుకుంటనే "కదిలిందా" అని అడుగుతడు. "ఆగరాదు, కదులుతది" అంట.