వాగులో వచ్చిన గిన్నె

అమెరికాలోని బాతెల్‌ ఊళ్లో ఒక ఆదివారం మిత్రుడు సుధాకర్‌తో కలిసి వాగు పక్కన నడుస్తున్నాను. ఒడ్డున వరసగా కూర్చున్న చైనా పెద్దలు టీ పోసిన చిన్న చెక్క గిన్నెలను నీళ్లలోకి వదులుతున్నారు. అందులో ఒకటి కొట్టుకొచ్చి నా ముందున్న రాయికి తగిలి ఆగింది. అందరూ చప్పట్లు కొట్టారు.

“దొరికిపోయారన్నా!” అన్నాడు సుధాకర్. “గిన్నె ఎవరి ముందు ఆగితే వాళ్లు పొయెమ్ చెప్పాలి. లేకపోతే ఆ టీ తాగాలి. లాస్ట్ వీక్ నేను ట్రై చేశా. దానికన్నా కాకరకాయ రసం నయం.”

వాళ్లలో పెద్దాయన లిన్, రిటైరైన చరిత్ర మాష్టారు. చైనాలో రాజ్యాలు కూలిపోతున్న రోజుల్లో కవులు ఆడిన ఆట ఇదని చెప్పాడు.

గొంతు సవరించుకుని, “ఓ పూర్ణచంద్రమా” అని ఎత్తుకున్నాను. సుధాకర్ ఇంగ్లిష్‌లో చెప్పగానే లిన్ చెయ్యెత్తి ఆపాడు.

“మిట్టమధ్యాహ్నం చంద్రుడెక్కడ? రేపు బతికుంటామో లేదో తెలియని కవులు వాళ్లు. నాకిష్టమైనవాళ్లు కళ్లముందున్నదే రాశారు.”

పత్రిక డెస్క్‌లో ఏళ్లతరబడి ఇతరుల విశేషణాలు కొట్టేసినవాణ్ని. మొదటిసారి నాది ఒకరు కొట్టేశారు. నవ్వుకుని, ఈసారి చూసిందే చెప్పాను.

“నీళ్లు చల్లగా ఉన్నాయి. నా బూటు తడిసింది. ఇవాళ మనల్ని ఎవరూ తరమడం లేదు.”

సుధాకర్ అది కూడా ఇంగ్లిష్‌లో చెప్పాడు. వినగానే లిన్ వంగి, నా గిన్నె అందుకుని, గడగడా తాగేసి మొహం చిట్లించాడు.

“పొద్దుట్నుంచి నేను ఈ వాగులో బాతుల మీదే కవిత్వం చెబుతున్నాను. మనల్ని ఎవరూ తరమడం లేదన్న మాట నాకు తట్టనేలేదు. ఈ శిక్ష నాదే.”