అక్క కట్టిన మాస్కు

పెళ్లి దండల్లోని పూలు వాడిపోకుండా రెసిన్ అనే ఘాటైన రసాయనం పోసి ఫ్రేములు చేయడం ఎమ్మిగనూరులో ఒక అక్క దగ్గర నేర్చుకున్నాను.

"వాసనకు తల తిరుగుతాందక్కా" అంటే, పత్తి మిల్లులో వాడే గుడ్డ మాస్కు తన చేత్తో నా ముక్కుకు కట్టింది. "మా నాయన ఇది కట్టుకొనే మిల్లులో పని జేసినాడు. నీకేం గాదులేమ్మా" అంది.

నమ్మాను. ఆదోనిలో మా ఇంట్లో పని మొదలుపెట్టాక దగ్గు పట్టుకుంది. నా ఒంటికే పడడం లేదనుకున్నాను.

ఒకరోజు చెప్పకుండా ఆమె ఇంటికి వెళ్లాను. రెసిన్ కలుపుతోంది. ముఖానికి రబ్బరు మాస్కు, దానికి రెండు వైపులా గుండ్రటి డబ్బాలు!

"ఇదేందక్కా?"

మాస్కు కిందికి లాగి, "ఆవిరి లోపలికి పోకుండామ్మా. గుడ్డది దూదినే ఆపుతాది" అంది.

"మరి నాకు సెప్పలేదే?"

"సెప్తే భయపడి నేర్చుకునేకి ఎవరొస్తారు?"

ఒళ్లు మండిపోయింది. వెంటనే వెనక్కి వచ్చేశాను.

ఇప్పుడు అలాంటి మాస్కే కొనుక్కున్నాను. దగ్గు తగ్గింది. కానీ దాని పట్టీ బిగించుకునే ప్రతిసారీ, నేర్చుకునే రోజు గుడ్డ మాస్కు ముడి వదులైందని విప్పి, మళ్లీ జాగ్రత్తగా కట్టిన ఆమె వేళ్లే గుర్తొస్తాయి.

— ఒక పాఠకురాలు, ఆదోని