కుంట కట్టమీద ముంగిస

పద్మనాభం అమెరికాలో షాంటిలీ అనే ఊరి ఆఫీసుల్లో ఇరవయ్యారేళ్లు కోడ్ రాసి, యాభై ఎనిమిదో ఏట గంటన్నర దూరంలో, పడమటి కొండల కింద తొమ్మిదెకరాలు కొన్నాడు. అందులో వాగు పక్కన ఒక కుంట ఉంది. ఇప్పుడు ఆయనకు అదే ఆఫీసు. తెల్లారగానే రబ్బరు బూట్లు తొడుక్కుని కట్టమీదికి బయల్దేరతాడు. బురదలో అడుగు కనిపిస్తే చాలు, అది రాత్రిళ్లు తిండి దొంగిలించే రకూన్‌దా నక్కదా అని గొంతుక్కూర్చుని చూస్తాడు. కొంగ ఒంటికాలిమీద నిలబడిందా, రెండో కాలు దించేదాకా కాఫీ చల్లారిపోవాల్సిందే.

"రోడ్డవతలావిడ పేరు అడిగితే తెలీదు. కప్ప ఏ వేళకి అరుస్తుందో మాత్రం చెప్తారు," అని భార్య సుధ దెప్పుతుంది గానీ, గుమ్మంలో ఉన్న రెండో బూట్ల జత ఆవిడదే.

మార్చిలో ఓ పొద్దున నీళ్లలోంచి గోధుమరంగు జంతువొకటి కట్టెక్కింది. బారు మీసాలు, పొడుగాటి తోక.

"అయ్యో, ముంగిసండీ! పొద్దున్నే ముంగిస కనబడితే ఎంత శుభమో!" సుధ చేతులు జోడించింది.

అమెరికాలో ముంగిసేమిటి, అది ఈదడమేమిటి అని పద్మనాభానికి అనుమానం రాకపోలేదు. కానీ నీటిపాముల బెడద తీరుతుందన్న ఆశ ముందు ఆ అనుమానం నిలవలేదు. అన్నిటినీ ఆరా తీసే మనిషి దీన్నొక్కదాన్నీ వదిలేశాడు. సుధ రోజూ కట్టమీద ఉడికించిన గుడ్డు పెట్టి దణ్ణం పెట్టేది. మర్నాటికి గుడ్డు మాయం. అది రకూన్ మింగుతోందని పాపం ఇద్దరికీ తెలీదు.

జూన్ వచ్చేసరికి కుంట దిగిపోసాగింది. వానలు పడుతున్నా వారానికి జానెడు తగ్గుతోంది. కట్ట అవతల గడ్డి మాత్రం చిత్తడిచిత్తడిగా ఉంది. నీళ్లు పోతే చేపలు, కప్పలు, ఆ కొంగ, ఏదీ మిగలదు. పద్మనాభానికి అన్నం సయించలేదు. పక్క పొలంలో పశువులు మేపే డేల్‌ని పిలిచాడు.

డేల్ కట్టంతా నడిచి, నీటి అంచున ఓ కన్నం చూపించి నవ్వాడు. "మస్క్‌రాట్. గోధుమరంగు, పొడుగు తోక, నీళ్లలో ఈదుతుంది. కట్టలో బొరియ తవ్వింది. ట్రాప్ ఇస్తాను, పెట్టు. లేకపోతే చలికాలానికల్లా కట్ట తెగుతుంది."

"రాటా?" సుధ ముఖం మాడిపోయింది. "మూడు నెలలు ఎలుక్కి దణ్ణం పెట్టానా!"

"పోన్లే, వినాయకుడికి చేరుంటుంది," అన్నాడు పద్మనాభం.

డేల్ ఇచ్చిన బోనుతో బొరియ దగ్గర వంగాడు. లోపల సన్నగా కిచకిచలు. కట్టకు చెవి ఆనించాడు. పిల్లలు!

తల్లిని పట్టేస్తే పిల్లలు లోపలే చస్తాయి. వదిలేస్తే కుంట పోతుంది. ఆ రోజంతా ఫోన్‌లో చదివాడు. నీళ్లు బొరియ నోటికన్నా కిందికి దిగితే ఆ జంతువు పిల్లల్ని తీసుకుని వెళ్లిపోతుందట. అంటే, ఏ నీళ్లు పోతున్నాయని కుమిలిపోతున్నాడో ఆ నీళ్లను తన చేత్తో తనే వదలాలి.

"నడుమ లోతుందిగా, చేపలు సర్దుకుంటాయి. వదిలెయ్యండి," అంది సుధ.

గొట్టం వేసి మూడు రోజులు నీళ్లు దించాడు. నాలుగో రోజు పొద్దున మస్క్‌రాట్ ఒక్కో పిల్లనూ నోట కరుచుకుని వాగు వెంట పైకి మోసింది. ఐదు ట్రిప్పులు. భార్యాభర్తలిద్దరూ ఒక్కొక్కటీ లెక్కపెట్టారు. ఆరోసారి అది రాలేదు. పద్మనాభం బంకమన్ను తొక్కి, బొరియలో కూరి, పైన ఇనప వల పరిచాడు. పదిరోజులకు వాన దంచికొట్టింది. నీళ్లు పెరిగాయి, నిలిచాయి. గంతేసినంత పని చేసి, బోను తిరిగివ్వడానికి డేల్ దగ్గరికి వెళ్లాడు.

"పట్టావా?" నవ్వుతూ అడిగాడు డేల్.

"లేదు. దానంతటదే వెళ్లిపోయింది. వాగు వెంట పైకి."

డేల్ నవ్వు ఆగిపోయింది. వాగు పైన ఉన్నది ఒక్కటే కుంట, డేల్ పశువులు నీళ్లు తాగేది. ఆ సంగతి పద్మనాభానికి అప్పుడు వెలిగింది.

డేల్ బోను కోసం చెయ్యి చాచాడు. పద్మనాభం దాన్ని వీపు వెనక్కి పెట్టుకున్నాడు.

"నీ కట్టకి బొరియ పడితే మన్ను నేను తొక్కుతాను డేల్. పిల్లలు పెద్దవయ్యేదాకా ఈ బోను నా దగ్గరే ఉండనీ."