కోరుట్ల షీటులో చెరిపిన గుడిసెలు

1988 వేసవి. కోరుట్ల ఊరి చివర టోపోషీట్ సవరిస్తున్నాను. టోపోషీట్ అంటే వాగులు, మిట్టలు, బాటలు, ఇళ్లు అన్నీ గుర్తులతో చూపే సర్వే పటం. పాత షీటులో అక్కడ పసుపు రంగు, అంటే సాగుభూమి, మధ్యలో ఒక బావి. వెళ్లి చూస్తే బావి ఉంది. దాని చుట్టూ మక్కజొన్న మోళ్లు, మోళ్ల మధ్య ప్లాట్ల హద్దురాళ్లు, వాటి నడుమ ఇరవై దాకా గుడిసెలు! ఇది పొలమా, కాలనీయా? నా బుర్ర పనిచేయలేదు.

భూమి ఒక దొరది. ప్లాట్లు చేసి అమ్ముదామని రాళ్లు పాతించాడు. అంతలో అన్నలకు, అంటే నక్సలైట్లకు, భయపడి హైదరాబాదు చేరాడు. ఖాళీ చేనులో పేదలు గుడిసెలు వేసుకున్నారు.

మా పనిలో కంటికి కనిపించింది గీయాలి, ఎవరిదని అడగకూడదు. ప్లేన్ టేబుల్, అంటే మూడు కాళ్ల బల్ల నిలబెట్టి, దాని మీది కాగితంపై పెన్సిల్‌తో గుడిసెలు గీస్తున్నాను. బీడీలు చుట్టే ఖాజాబీ చాట చంకన పెట్టుకుని వచ్చింది.

"సారూ, గిండ్ల మా ఇల్లేది?"

చూపించాను. "గింతేనా!" అంటూనే మురిసిపోయింది.

మధ్యాహ్నం దొర గుమస్తా వచ్చాడు. "గుడిసెలు గియ్యకుండ్రి సార్. గిది దొర పొలం." కుదరదని కసిరి పంపాను.

గంట తిరక్కుండా ఖాజాబీ మళ్లీ వచ్చింది, ఏడుస్తూ. "చెరిపెయ్ సారూ, నీ కాళ్లు మొక్కుత. నక్షల ఉంటె పోలీసోళ్లు సీదా మా ఇంటికే వస్తరట. అన్నలకు అన్నం పెట్టిండని మా మరిదిని ఇదివరకే గుంజుకపోయిండ్రు."

ఇదెక్కడి గోల! దొర మనిషీ చెరపమంటాడు, గుడిసె మనిషీ చెరపమంటుంది. సాయంత్రం క్యాంపులో సిరా పెడితే ఇక చెరగదు. వారం కిందటే సిరిసిల్ల దగ్గర మా సర్వే ఎర్రజెండాలు చూసి, అన్నలవనుకుని పోలీసులు నన్ను పొద్దంతా ఠాణాలో కూర్చోబెట్టారు. రబ్బరు తీసి ఇరవై గుడిసెలూ చెరిపేశాను.

పదేళ్ల తర్వాత జగిత్యాలలో ఖాజాబీ ఎదురైంది. గుడిసెల చోట ఇప్పుడు రోడ్లు, స్లాబు ఇళ్లు. పట్టా కావాలంటే అప్పటినుంచీ ఉన్నట్టు రుజువు అడుగుతున్నారట. అచ్చయిన షీటులో అక్కడ పసుపు రంగే ఉంది.

"నేనే చెరపమన్నలే సారూ" అంది. హమ్మయ్య అనుకున్నాను. "నేనంటె భయపడి అన్న. నువ్వెందుకు విన్నవ్?"

నేనూ భయపడే విన్నాను. రిటైరయ్యే దాకా మళ్లీ ఏ ఇల్లూ చెరపలేదు. కానీ ఆ సాయంత్రం సిరా పెట్టి ఉంటే ఆమెకు పట్టా వచ్చేదో, ఇంటి ముందుకు జీపు వచ్చేదో ఇప్పటికీ నాకు తెలియదు.