మస్తాన్ గారి ఒక్క రింగు రూలు

మొన్న మంగళగిరిలో మా ఆఫీసు క్యాంటీన్లో ఒక కుర్రాడు సెల్‌ఫోనులో ఏదో పాత శబ్దం పెట్టి పక్కవాళ్ళకి వినిపిస్తున్నాడు. ముందు కీచుమని ఈల, వెనకాల ఇసక జల్లెడ పట్టినట్టు గరగర. "మేడమ్, ఇదేంటో చెప్పండి చూద్దాం" అన్నాడు నాతో. మోడెమ్ అన్నాను. ఫోను తీగ మీద ఒక కంప్యూటరు ఇంకో కంప్యూటరుతో మాట కలిపే ముందు పెట్టే కూత అది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ నా టీ అలాగే చల్లారిపోయింది.

ఆ కూత నేను మొదట విన్నది గుంటూరులో, మస్తాన్ గారి టైపు ఇన్‌స్టిట్యూట్‌లో. మిర్చి యార్డుకి వెళ్ళే రోడ్డులో, మేడ మీద రెండు గదులు. ఎండాకాలంలో కిటికీ తెరిస్తే తుమ్ములు, మూస్తే ఉక్క. ముందు గదిలో టైపు మిషన్లు, వెనక గదిలో ఒకే ఒక్క కంప్యూటరు. ఆ గదిలోకి చెప్పులు విప్పి వెళ్ళాలి. పని అయ్యాక దాని మీద మస్తాన్ గారి భార్య కుట్టిన పూల గుడ్డ కప్పాలి. టైపు హయ్యరు పాసై ఉద్యోగం దొరక్క తిరుగుతున్న నన్ను ఆయనే పిలిచి కూర్చోబెట్టారు. "సువార్తా, నువ్వు పిల్లలకి టైపు నేర్పు. నేను నీకు ఇది నేర్పుతా" అన్నారు.

ఊళ్ళో కంప్యూటరు కొన్నవాళ్ళు ఇంకా ఉన్నారు. దాన్ని నలుగురూ కూర్చునే అరుగు చేసింది మాత్రం ఆయనే. మోడెమ్ ఉన్నవాళ్ళు మా నంబరుకి చేస్తే వాళ్ళ కంప్యూటరు మా దాన్లోకి వచ్చేది. అంతకుముందు వచ్చినవాళ్ళు రాసినవి చదివి, తమ మాట రాసి వెళ్ళిపోయేవారు. బులెటిన్ బోర్డు అనేవాళ్ళం. లైను ఒక్కటే కాబట్టి ఒకరు లోపలుంటే మిగతావాళ్ళు ఆగాల్సిందే. అంతా కలిపి పదిమంది ఉండరు. ఇద్దరు లెక్చరర్లు, ఒక పత్తి మిల్లు మేనేజరు, బ్రాడీపేటలో ఒక పళ్ళ డాక్టరు, ఇంకో నలుగురైదుగురు. తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటూ, గోంగూరలో ఉల్లిపాయ నంజుకోవాలా వద్దా అన్న దగ్గర్నుంచి దేవుడున్నాడా లేడా అన్నదాకా వాదించుకునేవారు. డాక్టరుకీ నాకూ చదరంగం నడిచేది, రోజుకొక ఎత్తు. ముఖం చూడని మనిషి నా మాటకి జవాబు రాయడం నాకు అదే మొదటిసారి. పొద్దున్నే మెట్లు రెండేసి ఎక్కి వెళ్ళేదాన్ని. ఇప్పుడు ఫోనులో ఇన్ని గ్రూపులున్నాయి గానీ ఆ సంతోషం ఒక్కదాన్లోనూ లేదు.

చిక్కల్లా, ఇన్‌స్టిట్యూట్‌కి ఉన్న ఫోను లైను కూడా అదే. అందుకని మస్తాన్ గారు ఒక రూలు పెట్టారు. బోర్డుకి వచ్చేవాళ్ళు ఒక్క రింగు ఇచ్చి పెట్టేసి, అర నిమిషంలో మళ్ళీ చెయ్యాలి. అలా వస్తే మేము ముట్టుకోకూడదు, కంప్యూటరే ఎత్తుతుంది. ఆగకుండా మోగితే మనిషి ఎత్తాలి. ఆ రూలంటే ఆయనకి మహా మురిపెం. "రెండో లైను వచ్చేసరికి నా గడ్డం నెరిసిపోద్దమ్మా. ఈలోపు మన తెలివి మనది" అనేవారు.

ఒకరోజు పొద్దున పదింటికి ఆయన టైపు రిబ్బన్లు కొనడానికి వెళ్ళారు. నేను డాక్టరు ఎత్తు కోసం కాచుకుని ఉన్నాను. ముందు రోజే ఆయన మంత్రిని ఇరికించాను. ఫోను ఒక్కసారి మోగి ఆగింది. అర నిమిషం లోపే మళ్ళీ మోగింది. డాక్టరే అనుకుని చెయ్యి వెనక్కి తీసుకున్నాను. మోడెమ్ ఎత్తి ఈల వేసింది. ఆ ఈల అడుగున, దాని చిన్న స్పీకరులోంచి ఒక మగ గొంతు వినిపించింది. "అలో... అన్నా... అన్నా..." ఎవరో రూలు తెలియనివాళ్ళు, మళ్ళీ చేస్తార్లే అనుకున్నాను. రిసీవరు నా మోచేతి పక్కనే ఉంది. మళ్ళీ ఎవరూ చెయ్యలేదు.

మూడింటికి పొదిలి నుంచి బస్సులో ఒక మనిషి వచ్చాడు. మస్తాన్ గారి అమ్మ ఆ తెల్లవారుజామున పోయారు. తమ్ముడు అక్కడి ఎస్టీడీ బూత్ నుంచి ఫోను చేస్తే ఒక్క రింగుకే లైను తెగింది. వెంటనే మళ్ళీ చేస్తే ఏదో కూత. ఫోను పాడైందనుకుని మనిషిని పంపాడు. మస్తాన్ గారు కట్టుబట్టలతో బస్సెక్కారు. ఆయన వెళ్ళేసరికి పొద్దుగూకింది, ఖననం అయిపోయింది.

నాలుగో రోజు తిరిగి వచ్చారు. లైను తెగడం వల్లే అలా జరిగిందని ఆయన అనుకుంటున్నారు. గొంతు విన్న సంగతి నేను చెప్తే తప్ప ఎవరికీ తెలియదు. రెండు రోజులు నోరు మూసుకుని పిల్లలకి టైపు చెప్పాను. అన్నం సయించలేదు. మూడో రోజు చెప్పేశాను.

"సార్, నాకు గొంతు వినపడిందండి. ఎత్తలేదు."

తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"ఏమన్నాడు?" అన్నారు.

"అన్నా, అన్నా అని పిలిచారండి."

"ఏడుస్తా ఉన్నాడా?"

"తెలీదండి. ఈలలో సరిగా వినపడలా."

"మా అమ్మకి పిడికెడు మట్టి వెయ్యలేకపోయానమ్మా" అన్నారు. లేచి, "రూలు పెట్టింది నేను. నువ్వు పాటించావు. లే, పిల్లలొచ్చే టైమైంది" అన్నారు.

బోర్డు మూసేస్తారనుకున్నాను, మూయలేదు. రూలు కొట్టేశారు. ఇక ఏ రింగు వచ్చినా ముందు మనిషే ఎత్తాలి. "ఎవరండీ, చెప్పండి" అనాలి. అవతల మాట రాకపోతేనే కంప్యూటరుకి అప్పగించాలి. ఊరికే లేచి పరిగెత్తలేక మాకు కాళ్ళు పీకేవి. కొన్నేళ్ళకి ఇంటర్నెట్ వచ్చి బోర్డు ఖాళీ అయింది. మస్తాన్ గారు ఇన్‌స్టిట్యూట్ అమ్మేసి పొదిలి వెళ్ళిపోయారు. ఆయన నేర్పిన పనితోనే నేను ఇంతదాకా వచ్చాను.

తెలియని నంబరు నుంచి ఫోను వస్తే కట్ చెయ్యడం నాకు చేతకాదు. లోను కావాలా అని అడిగే పిల్లలకి కూడా మర్యాదగా బదులు చెప్తానని ఇంట్లో అందరికీ నేనంటే వేళాకోళం. రెండేళ్ళ క్రితం ఒక పొద్దున మీటింగులో ఉండగా అలాంటి నంబరే వచ్చింది. ఎత్తాను.

"అమ్మా, సువార్త గారాండీ? మస్తాన్ తమ్ముణ్ణి, పొదిలి నుంచి. అన్న పోయాడమ్మా. నీ నంబరిచ్చి చెప్పమన్నాడు."

కారు మాట్లాడుకుని వెళ్ళాను. ఖననానికి ఇంకా తీసుకెళ్ళలేదు. ముఖం చూశాను. వాకిట్లో ఆ తమ్ముడు ఎదురొచ్చి, "ఫోనెత్తావు తల్లీ, మేలు చేశావు" అన్నాడు. ఆనాటి ఫోను సంగతి వాళ్ళ అన్న ఆయనకి ఎంతవరకు చెప్పారో నేను అడగలేదు. ఇప్పటికీ అడగలేకపోతున్నాను.