గట్టు మీద నిలబడి ఊట లేదన్నాడు

ఈ పొద్దు తెల్లారుతూనే పెనుకొండ నుంచి బావుల ఇన్‌స్పెక్టరు మా కనగానపల్లి చేనికి వచ్చినాడు. యుద్ధం మూలాన బండ పగలగొట్టే మందు దొరకడమే గగనం. ఊట ఉన్న బావులు లోతు చేసుకునేదానికే సర్కారు ఇస్తుందంట. ఆయన గట్టు మీద నిలబడి ఒక్కసారి తొంగి చూసి, "ఇది వాననీళ్ల గుంత" అని కాగితంలో మా బావిని కొట్టేసినాడు.

ఆ బావిని నేనూ, పోయిన మా ఆయనా మూడేండ్లు తవ్వినాం. నాకు ఒళ్లు మండింది.

"చూస్తే తెలిసేది కాదు సామీ, తోడి చూడండి" అన్నాను.

"నాకు అంత తీరిక లేదమ్మా."

"మీ బండెద్దులు మా చేలో మేస్తాండాయి. వాటి కడుపు నిండేదాకన్నా ఉండండి."

ఉండిపోయినాడు. నీళ్లు తోడే కపిల కట్టి మా ఎద్దులను నేనే తోలినాను. మధ్యాహ్నానికి అడుగు బండ తేలింది. ఆయన జేబు గడియారం చూసుకుంటూ కూర్చున్నాడు. తూర్పు పక్క బండ సందులోంచి నీళ్లు ఊరి, పొద్దు వాలేసరికి మోకాటి లోతు నిలిచినాయి. ఆయనే దిగి కొలిచినాడు.

"ఎండాకాలంలో ఇట్ల ఊరదు" అన్నాడు, పైకొచ్చినాక కూడా.

"అప్పుడూ రండి, అప్పుడూ తోడతా. ఇప్పుడు కొలిచింది రాయండి."

'ఊట ఉన్నది' అని రాసినాడు. గట్టిగా చదవమంటే చదివినాడు.

ఎల్లుండి బత్తలపల్లి పక్కకు పోతాడంట. ఆడ మీవాళ్లుంటే చెప్పండి, తోడించకుండా మాత్రం ఆయన్ను బండెక్కనీయొద్దని.